సీటు పైపు మీద అర అంగుళం

తేదీ 1967 నవంబరు 14, మంగళవారం. సమయం ఉదయం 9.40. స్థలం తార్నాక చౌరస్తాకు దగ్గరలోని ఒక పోలీస్ ఔట్‌పోస్ట్, వెనుక వరండా.

హాజరైనవారు: ఇన్‌స్పెక్టర్ వెంకటసుబ్బారావు. చౌరస్తాలో సైకిల్ షాపు నడిపే ఫిట్టర్ ఇన్నయ్య. రాయడానికి ఒక హెడ్ కానిస్టేబుల్. ఊచల వెనుక, లాకప్‌లో, యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం అటెండర్ వెంకటనర్సయ్య. వరండా మెట్టు మీద అతని భార్య సమ్మక్క. లోపలికి రావద్దన్నారు, ఆమె రాలేదు. వెళ్లిపొమ్మన్నారు, వెళ్లలేదు.

వరండా మధ్యలో స్టాండు వేసి నిలబెట్టిన నల్లటి సైకిలు. హ్యాండిల్‌కు వేలాడుతున్న అట్టముక్క మీద 'ఎగ్జిబిట్ 1' అని రాసి ఉంది.

కేసు క్లుప్తమైనది. నిన్న, సోమవారం, మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్య, కెమిస్ట్రీ విభాగం బ్యాలెన్స్ రూములోని బీరువా నుంచి ఒక ప్లాటినం గిన్నె, దాని పెట్టెతో సహా, పోయింది. అరచేతిలో ఇమిడే గిన్నె. విభాగంలో అంత విలువైన వస్తువు మరొకటి లేదు. బీరువా పగలలేదు. తాళంచెవితోనే తీశారు.

1.20కి వాచ్‌మన్ ఈ సైకిలు మాణికేశ్వర్ నగర్ వైపు కాలిబాట మీద పోవడం దూరం నుంచి చూశాడు. తొక్కేవాడి ఒంటి మీద ఖాకీ కోటు, తలకు తువ్వాలు. ముఖం కనిపించలేదు. 2.40కి అదే బాటలో, తుమ్మచెట్ల పక్కన సైకిలు దొరికింది. క్యారియర్‌కు గిన్నె పెట్టె కట్టి ఉంది. పెట్టె ఖాళీ.

సైకిలు ఎవరిదో వెతకవలసిన పని లేకపోయింది. ఎడమ పెడల్ మీద రెండు బోల్టులతో బిగించిన చెక్క దిమ్మ ఉంది. క్యాంపస్‌లో అటువంటి సైకిలు ఒక్కటే.

"ఇది ఎవరిది?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"నర్సన్నది సార్."

"ఎలా చెప్పగలవు?"

"ఫిట్టింగ్ నాదే. గా దిమ్మ నేనే కోసిన. టేకు. ముప్పావంగుళం."

"అతని కాలు ఎంత పొట్టి?"

"అంగుళం పావు సార్."

"మరి దిమ్మ ముప్పావేనా?"

ఇన్నయ్య ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. తన పని గురించి ఎవరైనా సరైన ప్రశ్న అడిగినప్పుడు వచ్చే వెలుగు. "కాలు ఇరిగి నాలుగేండ్లాయె సార్. గప్పటి సంది నడుము గా వంకరకే అలవాటు పడ్డది. మొత్తం సరిజేస్తే నడుము ఒప్పుకోదు. కొంత సరిజేసి, కొంత ఇడిసిపెట్టాలె. ఎంత ఇడవాలె అన్నదే పని."

"ఈ సైకిలును ఇంకొకరు తొక్కగలరా?"

"ఇంకొకరికి ఏం పనికొస్తది సార్? ఒక కాలు మీదికి, ఒక కాలు కిందికి. నాలుగు ఫర్లాంగులు తొక్కితే నడుము పడిపోతది."

హెడ్ కానిస్టేబుల్ కలం కదిలింది. 'ఇతరులు తొక్కుటకు వీలులేనిది' అని రాసుకున్నాడు.

ఆ వాక్యం కాగితం మీద ఆరుతూ ఉండగా ఇన్నయ్యకు తాను ఏం చెప్పాడో అర్థమైంది. ఊచల వైపు చూడబోయి ఆగిపోయాడు. ఇరవై రెండేళ్ల అనుభవంతో పలికిన నిజం ఊచలకు మరో తాళం వేసింది.

ఇన్‌స్పెక్టర్ మరొకటి గమనించాడు. మాట్లాడుతున్నంతసేపూ ఇన్నయ్య చూపు మూడుసార్లు సీటు కిందికి వెళ్లింది. ఒకసారి చెయ్యి కూడా వెళ్లింది. "ముట్టుకోవద్దు, ఎగ్జిబిట్" అని హెడ్ కానిస్టేబుల్ అనగానే వెనక్కి వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ వంగి అక్కడే చూశాడు. విశేషమేమీ కనిపించలేదు. సీటును మోసే పైపు ఫ్రేము గొట్టంలోకి దిగుతోంది. బయట ఉన్న పైపుకు తుప్పు పట్టింది. ఆ తుప్పు ఆగే గీత సరిగ్గా గొట్టం అంచుకు ఆని ఉంది. గీటు గీసి కలిపినంత చక్కగా.

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఏం లేద్ సార్."

అతను మెట్లు దిగుతుంటే సమ్మక్క లేచి నిలబడింది. "ఇన్నన్నా, నువ్వొక మాట జెప్పరాదు? నీ మాట ఇంటరు."

ఇన్నయ్య తల వంచుకుని వెళ్లిపోయాడు.

*

లాకప్‌లో బల్ల లేదు. నేల మీద కూర్చోవాలంటే వెంకటనర్సయ్య ఎడమ మోకాలు సహకరించదు. అందుకే నిన్న సాయంత్రం నుంచి అతను ఊచలు పట్టుకుని నిలబడో, గోడకు జారగిలబడి కాలు వాలుగా చాపుకునో ఉన్నాడు. గది పొడవు ఏడడుగులు. కిటికీ లేదు.

అతను చెప్పినది చెప్పినట్టే ఉంది. 12.50కి సద్ది విప్పుకుని జొన్నరొట్టె తిన్నాడు. నీళ్ల ట్యాంకు నీడన పడుకున్నాడు. ఎవరూ చూడలేదు. రెండింటికి లేచి వస్తే సైకిలు లేదు. ఎవరో విద్యార్థి వేళాకోళం చేశాడనుకున్నాడు. కోటు ల్యాబులో కొక్కానికి తగిలించే వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి అది కొక్కానికే ఉంది.

"ఈ మధ్య సైకిలుకు ఏమైనా రిపేరు చేయించావా?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"రిపేరు లేద్ సార్. శనారం నాడు ఇన్నన్న సీటు జరంత లేపిండు." ఆ గదిలో అతని గొంతు మొదటిసారి తేలికపడింది. "నీ మోకాలు సాగుతున్నది నర్సిగా, సంకురాత్రి దాక ఇంకో అరంగుళం లేపుత అన్నడు. డాక్టర్లు సాగదన్న కాలు సార్ గది."

ఇన్‌స్పెక్టర్ ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు. అతని మనసు గడియారం మీద ఉంది. పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి జీపులో నిందితుణ్ణి మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. అక్కడి నుంచి రిమాండు. వెంకటనర్సయ్యది ఐదేళ్లుగా టెంపరరీ ఉద్యోగం. పర్మనెంట్ చేసే జాబితా రేపు సంతకానికి వెళుతుంది. రిమాండులో ఉన్నవాడి పేరును ఎర్రసిరాతో కొట్టేస్తారు. ఆ తరువాత నిర్దోషి అని తేలినా ఆ జాబితా మళ్లీ రాదు.

ఇన్‌స్పెక్టర్‌ను ఒక ప్రశ్న వదలడం లేదు. క్యాంపస్ అంతా ఎరిగిన దిమ్మ సైకిలు ఎక్కి, పట్టపగలు, సొంత ఇంటి దారిన దొంగతనానికి పోయేవాడు ఉంటాడా? ఉంటే, ఖాళీ పెట్టెను తన సైకిలుకే కట్టి వదిలేస్తాడా?

ప్రశ్న మంచిదే. కానీ మేజిస్ట్రేట్ ముందు ప్రశ్నలు చెల్లవు.

*

11.15. కెమిస్ట్రీ విభాగం. రాతి గోడల నడుమ పొడవాటి నడవా, గంధకం వాసన.

తాళంచెవి అందుబాటులో ఉన్నది ముగ్గురికి. ఒకరు లాకప్‌లో ఉన్నారు. రెండోవాడు స్టోర్‌కీపర్ బుచ్చిబాబు. కాకినాడ నుంచి వచ్చి పదకొండేళ్లయింది. పొట్టి, గుండ్రటి మనిషి. తాళంచెవి తన గదిలో మేకుకు ఉంటుందనీ, మధ్యాహ్నం తాను పక్క గదిలో పెరుగన్నం తింటుంటాననీ, పదకొండేళ్లుగా మేకూ పెరుగన్నమూ మారలేదనీ చెప్పాడు.

సైకిలు తొక్కుతారా అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"నన్ను చూస్తే మీకు సైకిలు మీద జాలి కలగటం లేదుటండీ?" అన్నాడు బుచ్చిబాబు.

రిజిస్టరు తెచ్చాడు. ఈ నెల 8న గిన్నెను డిమాన్‌స్ట్రేటర్ శ్రీనివాసరావు తీసుకున్నారు. 9న తిరిగి ఇచ్చారు. తిరిగి తీసుకున్నప్పుడు పెట్టె తెరిచి చూశారా? లేదండీ, పెట్టె ఇచ్చారు, పెట్టె పుచ్చుకున్నాను. మళ్లీ ఎప్పుడు తెరుస్తారు? ఈ నెల 20న, వార్షిక తనిఖీకి. అప్పుడు తూకం కూడా వేస్తారు.

మూడోవాడు ఆ శ్రీనివాసరావే. ఇరవై తొమ్మిదేళ్లవాడు. పొడుగు, సన్నం. బల్ల మీద పెన్సిళ్లు పొడవును బట్టి వరుసగా పేర్చి ఉన్నాయి. వచ్చే నెల థీసిస్ సమర్పించాలి. మధ్యాహ్నమంతా గదిలోనే ప్రూఫులు చూసుకుంటున్నానన్నాడు. వెంకటనర్సయ్య గురించి అతను చెడ్డమాట ఒక్కటీ అనలేదు. మంచి పనివాడు, పాపం అన్నాడు.

"ఆ సైకిలును మీరెప్పుడైనా ముట్టుకున్నారా?"

"ఎందుకు ముట్టుకుంటాను? నాకు నా సైకిలు ఉంది."

వాచ్‌మన్ కొమురెల్లి చివరకు వచ్చాడు. మేకు ఉన్న గది ముందు నుంచి రోజూ తిరిగేవాడే. శ్రీనివాసరావు కంటే రెండంగుళాలు పొడుగు. ఒక అద్దె సైకిలు మీద వచ్చాడు. సీటు ఎంత కిందికి ఉందంటే మోకాళ్లు రెండూ హ్యాండిల్‌కు బయటికి, రెక్కల్లా విచ్చుకుని ఉన్నాయి. అతనికి ఆ ధ్యాస లేదు.

"సైకిల్ను జూసిన సాబ్. మనిషిని జూడలే," అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అంతే.

12.40కి ఇన్‌స్పెక్టర్ ఔట్‌పోస్టుకు తిరిగివచ్చాడు. మెట్టు మీద సమ్మక్క అలాగే ఉంది. అతను సైకిలు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పది నిమిషాలు చూశాడు.

సీటు. పైపు. తుప్పు గీత.

శనారం నాడు ఇన్నన్న సీటు జరంత లేపిండు.

ఇన్‌స్పెక్టర్ జీపులోని స్పానర్ తెప్పించాడు. సీటు బోల్టుకు తగిలించి కొద్దిగా తిప్పిచూశాడు. తరువాత నడిచి చౌరస్తాకు వెళ్లాడు.

*

1.30. ఇన్నయ్య షాపు రేకుల కొట్టం. ఒక విద్యార్థి కొత్త సైకిలు తెచ్చి, నడుం నొప్పి అంటున్నాడు. ఇన్నయ్య సైకిలు వైపు చూడలేదు. ముందు ఆ కుర్రవాణ్ణి రోడ్డు మీద పది అడుగులు నడిపించాడు. చెప్పులు విప్పించి అడుగులు ఎక్కడ అరిగాయో చూశాడు. తరువాత గోడ పక్కన సైకిలు ఎక్కించాడు. మడమ పెడల్ మీద పెట్టించి కాలు చాపించాడు. మోచెయ్యి సీటు మొనకు ఆనించి, వేళ్లు హ్యాండిల్‌కు ఎంత దూరంలో ఆగాయో చూశాడు. ఇంత చేసీ సీటు ఎత్తు మార్చలేదు. దాని మొనను మాత్రం ఒక వెంట్రుకవాసి కిందికి వంచి బిగించాడు. ఆదివారం మళ్లీ రమ్మన్నాడు.

"టేపు పెట్టవా?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"టేపు ఎముకను కొలుస్తది సార్. నొప్పిని కొలవది."

విద్యార్థి వెళ్లిపోయాడు. ఇన్‌స్పెక్టర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"శనివారం నర్సయ్య సీటు ఎంత లేపావు?"

ఇన్నయ్య చేతిలోని గుడ్డ ఆగింది. "అరంగుళం."

"అంతకుముందు అది ఎన్నాళ్లుగా ఒకే ఎత్తులో ఉంది?"

"ఉగాది సంది."

"అంటే తుప్పు గీత ఉగాది నాటి ఎత్తుది. శనివారం లేపిన తరువాత గీతకు కింద, గొట్టం అంచుకు పైన, తుప్పు లేని పైపు అర అంగుళం కనిపించాలి. అవునా?"

"అవును సార్."

"ఇవాళ పొద్దున కనిపించిందా?"

ఇన్నయ్య గుడ్డను మడతపెట్టసాగాడు. బయట హబ్సిగూడ వైపు పోయే బస్సు ఒకటి ఆగి, కదిలింది.

"నువ్వు చూశావు. మూడుసార్లు చూశావు. నాకెందుకు చెప్పలేదు?"

"జారింది సార్." అతను గుడ్డను కింద పెట్టాడు. "నేను బిగించిన బోల్టు జారింది. ఇరవై రెండేండ్లల్ల నా బోల్టు జారలే. కొత్తగ సాగుతున్న కాలు గది. నడుమ రోడ్డు మీద సీటు దిగబడితే మోకాలు మల్ల బిగుస్తది. నర్సన్న ముంగట, నా బోల్టు జారింది అని ఏ నోటితోని జెప్పాలె?"

"నీ నర్సన్న నాలుగింటికి జైలుకు పోతున్నాడు."

"సీటుకూ జైలుకూ ఏం సంబంధం అనుకున్న సార్."

"నన్ను అడుగు చెబుతాను. ఇప్పుడే స్పానర్ పెట్టి చూశాను. ఆ బోల్టు రాయిలా బిగిసి ఉంది. జారిన బోల్టు దానంతట అది మళ్లీ బిగుసుకుంటుందా?"

ఇన్నయ్య నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"బిగుసుకోదు."

"జారిన సీటు సరిగ్గా తుప్పు గీత దగ్గరే ఆగుతుందా?"

"యాడన్న ఆగుతది. పక్కకు తిరుగుతది గూడ." అతని కళ్లు ఇన్‌స్పెక్టర్‌ను చూడటం లేదు. వరండాలోని సైకిలును చూస్తున్నాయి. "ఎవడో కావాలని దించి బిగించిండు. గీత జూసి, గిదే అసలు ఎత్తు అనుకున్నడు."

"దించాలంటే అంతకుముందు?"

"లేపాలె సార్."

"ఎంత లేపాడో చెప్పగలవా?"

"పైపు ఊడదీయనియ్యుండ్రి. చెప్త."

*

2.35. కెమిస్ట్రీ విభాగం వెనుక సైకిల్ స్టాండు. జీపులో తెచ్చిన దిమ్మ సైకిలును అక్కడ దించి, సాక్షులుగా ఇద్దరు పంచాయతుదారులను నిలబెట్టారు. శ్రీనివాసరావు, బుచ్చిబాబు, కొమురెల్లి వరుసగా గోడ పక్కన నిలుచున్నారు. స్టాండుకు మూడువైపులా గోడ. నాలుగో వైపు జీపు అడ్డంగా ఉంది.

ఇన్నయ్య సీటు బోల్టు చూసి, నట్టు మూలలు చెదిరాయన్నాడు. తాను నట్టును చుట్టూ పట్టే రింగ్ స్పానర్ తప్ప వాడడు. ఇది వదులు దవడల స్పానర్‌తో తిప్పిన నట్టు. అటువంటిది ల్యాబులో గ్యాస్ సిలిండర్ల దగ్గర ఒకటి ఉంటుందని బుచ్చిబాబు తనంతట తానే చెప్పాడు. చెప్పాక ఎందుకు చెప్పానా అని నాలుక కరుచుకున్నాడు.

పైపు బయటికి వచ్చింది. ఇన్నయ్య గుడ్డతో తుడిచి ఎండలో పట్టుకున్నాడు.

"బిగించినప్పుడల్ల గొట్టం అంచు పైపును కొరుకుతది సార్. గిదొకటి. తుప్పుకు అరంగుళం కింద. శనారం నాది." వేలు కిందికి జరిపాడు. "గిదింకొకటి. మూడుంబావంగుళాలు కింద. తళతళ మెరుస్తున్నది. గిది నాది గాదు."

"అంటే?"

"నర్సన్నకన్న మస్తు పొడుగు మనిషి గీ సీటు లేపుకుని తొక్కిండు."

బుచ్చిబాబు తన పొట్ట వైపు చూసుకుని ఊపిరి వదిలాడు. మిగిలినవారు ఇద్దరు. ఇద్దరూ పొడుగే.

ఇన్నయ్య పైపును మెరిసే గాటు దగ్గర నిలబెట్టి బిగించాడు. దిమ్మ లేని కుడి పెడల్‌ను కిందికి దించి, దాని నుంచి సీటు పైభాగం వరకూ ఒక దారం లాగి ముడి వేశాడు.

కొమురెల్లిని ఎక్కించారు. మడమ పెడల్ మీద ఆనినా అతని మోకాలు ఇంకా వంగే ఉంది. అతని కాలుకు ఆ సీటు మరో అంగుళమున్నర లేవాలి.

"అయినా కొమురెల్లి అసలు లేపడు సార్," అన్నాడు ఇన్నయ్య. "గీన పక్క షాపుల ఆరేండ్ల సంది కిరాయి సైకిల్ తీస్తున్నడు. ఒక్కనాడు స్పానర్ అడగలే. ఏది ఇస్తే గది తొక్కుతడు. దొంగతనం జేసుకుంట గూడ సీటు సరిజేసుకునేటోడు అంటే, గాయినకు సరైన సీటు ఎట్లుంటదో ఎరుక అన్నట్టు."

"ఏమయ్య, నేను తొక్కుడు నీకంత నవ్వులాటగున్నదా?" కొమురెల్లి మీసం కింద గొణిగాడు.

ఇన్‌స్పెక్టర్ స్టాండులోని మరో సైకిలు వైపు తిరిగాడు. ఆకుపచ్చ రంగుది. శుభ్రంగా తుడిచినది. "ఇది మీది కదూ, శ్రీనివాసరావు గారూ?"

ఇన్నయ్య అదే దారం తీసుకుని ఆకుపచ్చ సైకిలు కుడి పెడల్‌కు ఆనించాడు. పైకి లాగాడు. ముడి సరిగ్గా సీటు మీద పడింది.

శ్రీనివాసరావు గొంతు సవరించుకున్నాడు. "నా ఎత్తున్న వారందరికీ అదే కొలత వస్తుంది. క్యాంపస్‌లో వందమంది ఉంటారు."

"రాదు సార్." ఇన్నయ్య అతని వైపు మర్యాదగానే చూశాడు. "మీ కాలు లెక్కకు గీ ముడి ఇంకో అరంగుళం పైకి రావాలె. వానకాలంల మోకాలి ఎనక నరం గుంజుతున్నదని నా షాపుకు వచ్చిండ్రు. నేనే అరంగుళం దించిన. లెక్కకు గిది తప్పు కొలత. మీకొక్కరికే ఒప్పు కొలత."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూశాడు. 2.58.

"దారంతో మనిషికి శిక్ష పడదు," ఇన్‌స్పెక్టర్ అన్నాడు. "కానీ సోదాకు అది చాలు. గిన్నె అమ్ముకోవడానికి పోలేదు. పెట్టెను వదిలేసినవాడికి పెట్టె దొరకడమే కావాలి. 9వ తేదీన పెట్టె ఖాళీగానే తిరిగివచ్చింది; ఎవరూ తెరవలేదు. 20వ తేదీన తెరుస్తారు. ఆలోగా అది దొంగల పాలు కావాలి. గిన్నెకు ఏమైంది? మీ గదిలో ఎక్కడ ఉంది? ప్లాటినాన్ని పారేయడానికి కెమిస్ట్రీ చదివినవారికి చెయ్యి రాదు."

శ్రీనివాసరావు గోడకు ఆనుకున్నాడు.

"ఇసుక తొట్టిలో ఉంది. నేనే తీస్తాను. మీవాళ్లు తవ్వితే వంగిపోతుంది."

గదిలో, వేడి చేసే ఇసుక తొట్టి అడుగు నుంచి వడపోత కాగితంలో చుట్టిన గిన్నెను అతను రెండు వేళ్లతో తీశాడు. అడుగున శనగగింజంత రంధ్రం. చుట్టూ నల్లటి మరక.

"సీసం," అన్నాడు. "సీసం కలిసినదాన్ని ప్లాటినంలో కాల్చకూడదు. రెండూ కలిసిపోయి గిన్నె కరుగుతుంది. మొదటి సంవత్సరం విద్యార్థులకు మొదటి వారంలో నేనే చెబుతాను. ఆ రోజు సీసాల మీద చీటీ చూసుకోలేదు."

"ప్రొఫెసర్ గారికి చెప్పవలసింది."

"చెప్పవలసింది."

"వెంకటనర్సయ్య మీదికే ఎందుకు?"

"ఆ సైకిలు కనిపిస్తే ఇంకొకరి కోసం ఎవరూ వెతకరని." అతను బల్ల మీది పెన్సిళ్ల వైపు చూశాడు. "అతని కోటు వేసుకుని వెళ్లి, రెండింటిలోపే తిరిగి కొక్కానికి తగిలించాను. స్పానర్ కూడా జేబులో పెట్టుకునే వెళ్లాను. చెట్ల దగ్గర మళ్లీ దించేటప్పుడు గీత చూసుకున్నాను. సరిగ్గా పెట్టాననే అనుకున్నాను."

*

3.45. ఔట్‌పోస్ట్. జీపు బయటే ఉంది. దాని వెనుక సీటులో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య శ్రీనివాసరావు కూర్చుని ఉన్నాడు. అతని పొడవాటి కాళ్లకు అక్కడ చోటు చాలలేదు.

లాకప్ తలుపు తెరిచారు. వెంకటనర్సయ్య వెంటనే బయటికి రాలేకపోయాడు. ఇరవై గంటలు నిలబడిన కాలు బిగిసిపోయింది. సమ్మక్క లోపలికి వెళ్లి భుజం ఇచ్చింది. ఈసారి ఎవరూ ఆపలేదు. విభాగానికి ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. జాబితాలో పేరు ఉంది, ఉంటుంది.

ఇన్నయ్య రెండో వాంగ్మూలం రాయడం పూర్తవుతోంది. హెడ్ కానిస్టేబుల్ ఒక చోట కలం ఆపాడు. ఉదయం ఇచ్చిన వాంగ్మూలంలో సీటు ఎత్తు మాట ఎందుకు లేదో కారణం రాయాలి. 'ముట్టుకొనుటకు అనుమతి లేనందున గమనించలేదు' అని రాస్తే సరిపోతుందన్నాడు. ఇన్‌స్పెక్టర్ కాదనలేదు. అది దయగల వాక్యం. ఎవరికీ నష్టం లేదు.

"గట్ల రాయకుండ్రి," అన్నాడు ఇన్నయ్య. "నేను గమనించిన."

గుమ్మంలో వెంకటనర్సయ్య ఆగిపోయాడు.

"పొద్దున్నే చూసినవా?"

"చూసిన."

"నేను గా ఊచల్ల ఉండంగ?"

"ఊ. నా బోల్టు జారిందనుకున్న నర్సిగా. నీకు తెలుస్తదని నోరు రాలే."

వెంకటనర్సయ్య అతని వైపు తిరిగాడు. కోపం లేదు. కోపం ఉంటే ఇన్నయ్యకు సుళువుగా ఉండేది.

"బోల్టు జారితే నేను కింద పడుతుంటి అన్నా," అన్నాడు. "పడితే లేస్తుంటి."

అతను వరండాలోని సైకిలు వైపు అడుగు వేశాడు. హెడ్ కానిస్టేబుల్ అడ్డు వచ్చాడు. ఎగ్జిబిట్. కేసు తేలేదాకా కోర్టు స్వాధీనంలో ఉండాలి. ఎన్నాళ్లు? చెప్పలేం. ఏడాది కావచ్చు. పైపు మీది గాట్లే సాక్ష్యం. మరో ఫ్రేముకు మార్చడానికి కూడా వీల్లేదు.

"నేను ఇంకోటి కట్టిస్త," ఇన్నయ్య అన్నాడు. "ఎల్లుండికల్ల. దిమ్మతోని సహా."

"చూద్దాం," అన్నాడు వెంకటనర్సయ్య.

మాణికేశ్వర్ నగర్ అక్కడికి మైలున్నర. భార్య భుజం మీద చెయ్యి వేసి అతను మెట్లు దిగాడు. ప్రతి రెండో అడుగుకూ శరీరం ఎడమవైపు ఒరుగుతోంది. ఇన్నయ్య ఆ నడకను, అడుగుల నిడివిని, మోకాలు ఎక్కడ ఆగుతున్నదో చూస్తూ నిలబడ్డాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాడు.

తరువాత బల్ల దగ్గరికి వచ్చాడు. హెడ్ కానిస్టేబుల్ తాను రాసిన వాక్యాన్ని అతనికి చదివి వినిపించాడు: 'సీటు ఎత్తు తగ్గినట్లు నేను ఉదయమే గమనించినాను. నా పనిలో లోపమని తలచి సిగ్గుచేత చెప్పలేదు.'

ఇన్నయ్య తల ఊపాడు. చిన్నప్పుడు నాలుగు తరగతులు ఉర్దూలో చదివినవాడు. కలం తీసుకుని కాగితం కుడివైపు నుంచి ఎడమకు, నిదానంగా, ఒక్క అక్షరం తప్పిపోకుండా సంతకం చేశాడు.

ఇన్‌స్పెక్టర్ సిరా ఆరేదాకా ఆగాడు. టైము 4.05 అని కింద వేశాడు. కాగితాన్ని మూడు మడతలు పెట్టి, ఫైలులో ఉంచి, బీరువా తలుపు మూశాడు.